నీళ్ళగొట్టం పట్టుకున్న పాప

ఫోటోలమ్మాయికి ఒకే ఒక్క గర్వం ఉంది. ఆమె చేతిమీదుగా వెళ్ళిన ఫోటోకి తారీఖు తప్పు పడదు. మనుషులు అబద్ధాలాడటం కంటే మర్చిపోవడమే ఎక్కువని ఆమె అభిప్రాయం. ఫోటో అలా కాదు. ప్రతి ఫోటోకీ కంటికి కనిపించని చీటీ ఒకటి అంటుకుని ఉంటుంది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ కెమెరాతో తీశారో అందులో రాసి ఉంటుంది. ఆ చీటీలో తప్పుంటే దిద్దడం, ఖాళీ ఉంటే నింపడం, ముఖాలకు పేర్లు తగిలించడం ఆమె పని. ఎవరైనా పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళి, ఇరవై ముప్పై ఏళ్ళ ఫోటోల గుట్టను వారం తిరిగేలోగా వరసలో పెట్టి వస్తుంది.

సోమవారం పొద్దున ప్లీడరుగారింట్లో, మేడమీది గదిలో కిటికీ పక్కన బల్ల వేయించుకుని కూర్చుంది. మూడు డిస్కులు, చెప్పుల డబ్బా నిండా పాత ఫోన్లు, మందుబిళ్ళల సీసాలో కెమెరా కార్డులు ఆమెకు అప్పజెప్పారు. అన్నీ కలిపి ముప్పై ఎనిమిది వేల ఫోటోలు తేలాయి. ప్లీడరుగారు ఆదివారంతో ప్రాక్టీసు మానేస్తున్నారు. ఆ రోజు తోటి ప్లీడర్లంతా భోజనానికి వస్తారు. అప్పటికి ఒక పెద్ద ఆల్బమ్ అచ్చేయించి హాల్లో పెట్టాలని ఆయన ఒక్కగానొక్క కూతురి పట్టుదల. కూతురు పళ్ళ డాక్టరు. ఆస్పత్రికి వెళ్తూ వెళ్తూ పదినిమిషాలు కూర్చుని, అన్నీ గడగడా చెప్పేసింది.

"ఆల్బమ్ అట్టమీద మాత్రం ఇదే ఉండాలి" అని హాల్లోకి తీసుకెళ్ళి గోడకున్న ఫోటో చూపించింది.

పసుపు గౌను వేసుకున్న ఆరేళ్ళ పిల్ల రెండు చేతులతో నీళ్ళగొట్టం పట్టుకుని ఉంది. జుట్టంతా తడిసి నుదుటికి అతుక్కుపోయింది. కళ్ళు మూసుకుని నోరంతా తెరిచి నవ్వుతోంది. కింద మూల నారింజరంగు అంకెలు: 2001, 1, 1.

"నేనే. మా నాన్న వచ్చినవాళ్ళందరికీ ముందు దీన్నే చూపిస్తారు. ఇప్పుడలా నవ్వమంటే నా వల్ల కాదులెండి" అంది డాక్టరు.

ఫోటో చట్రాన్ని ఎవరో అప్పుడే తుడిచినట్టున్నారు. అద్దం మీద తడిగుడ్డ జాడ ఇంకా ఆరలేదు.

మధ్యాహ్నానికి ముఖాల పని మొదలైంది. కంప్యూటరు ఫోటోలన్నీ తిరగేసి, ఒకే పోలిక ఉన్న ముఖాలను కుప్పలు పోస్తుంది. తర్వాత ఒక్కో కుప్పనూ చూపించి ఎవరని అడుగుతుంది. ప్లీడరుగారు ఐదువేల చోట్ల ఉన్నారు. పోయిన అమ్మగారు రెండువేల చోట్ల ఉన్నారు. కొన్ని చోట్ల కంప్యూటరుకు అనుమానం వచ్చి, "వీళ్ళిద్దరూ ఒకరేనా?" అని రెండు ముఖాలు పక్కపక్కన పెడుతుంది. చిన్నపిల్లల విషయంలో మరీ తడబడుతుంది. అలాంటప్పుడు ఫోటోలమ్మాయి బట్టలు చూస్తుంది. ఏ ఇంట్లోనైనా పిల్లలకు నాలుగైదు మంచి గౌన్లే ఉంటాయి, ముఖం మారినా గౌను పట్టిస్తుంది. పసుపు గౌను పిల్ల గురించి కంప్యూటరు రెండు మూడుసార్లు అడిగింది. ఆమె ఆలోచించకుండా "అవును" నొక్కింది.

ఇంకో పెద్ద కుప్పకు పేరు లేదు. నాలుగువందల పన్నెండు ఫోటోలు. ఒక్కదాన్లోనూ ఆ మనిషి మధ్యలో లేదు. తలుపు పక్కన సగం, బల్ల చివర పళ్ళెం పట్టుకుని సగం, పిల్లను ఎత్తుకుని కెమెరా వైపు తిప్పుతూ పక్కకు తిరిగిన చెంప. అప్పుడే టీ పట్టుకొచ్చి బల్లమీద పెట్టిన మనిషి ముఖం, తెరమీది ముఖం ఒకటే. వంటామె. ఇప్పుడు జుట్టు నెరిసింది, అంతే తేడా.

సాయంత్రం డాక్టరు ఫోన్ చేసినప్పుడు ఫోటోలమ్మాయి అడిగింది. "వంటామెగారి పేరు ఏమని రాయమంటారు?"

"ఆవిడకి అక్కర్లేదులెండి. ఆవిడకీ పేరు పెడితే ఆల్బమ్‌లో పేజీ పెట్టమంటుంది మీ కంప్యూటరు. దాచెయ్యండి."

డాక్టరు ఆ మాట కోపంగా అనలేదు, చులకనగానూ అనలేదు. పనిలో పనిగా అనేసింది. అదే ఫోటోలమ్మాయికి ముల్లులా గుచ్చుకుంది. అయినా చెప్పిన పని చెప్పినట్టు చేసింది. "ఈ ముఖం గురించి ఇక అడగొద్దు" అన్న చోట నొక్కగానే నాలుగువందల పన్నెండు ముఖాల చుట్టూ కంప్యూటరు గీసిన గీతలు ఒక్కసారి మాయమైపోయాయి.

మంగళవారం తారీఖుల వంతు. నూట ఇరవై ఆరు ఫోటోలు 2001 జనవరి ఒకటి, రెండు తారీఖుల్లో ఇరుక్కుని ఉన్నాయి. ఇలాంటివి ఆమెకు కొత్త కాదు. కెమెరాలో బ్యాటరీ చచ్చిపోయి కొత్తది వేస్తే, దాని గడియారం తన పుట్టినరోజుకి, అంటే కంపెనీవాళ్ళు పెట్టిన మొదటి తారీఖుకి, వెళ్ళిపోతుంది. ఇంట్లోవాళ్ళు తారీఖు దిద్దుకోవడం మర్చిపోయి టకటకా తీసేసుకుంటారు. కానీ ఫోటో నంబరు మాత్రం వెనక్కి పోదు. గడియారం ఏమన్నా నంబరు తన దారిన తాను ముందుకే నడుస్తుంది. ఆమె నంబర్ల వరసలో పేర్చింది. మూడువేల నాలుగువందల రెండో ఫోటోలో బడి నాటకం. వేదిక వెనక బ్యానరు మీద సంవత్సరం కొట్టొచ్చినట్టు కనబడుతోంది. 2005. మొత్తం గుంపును నాలుగేళ్ళు ముందుకు జరిపింది. అంతా తాళంచెవి తిరిగినట్టు సరిపోయింది. ఆమెకు ఈ పనిలో ఉన్న ఆనందం ఇదొక్కటే. టీ చల్లారిపోయినా గుర్తుండదు.

మూడువేల నాలుగువందల పదహారో ఫోటో. గేటు దగ్గర పదేళ్ళ పిల్ల, రాణి వేషం, తలమీద అట్ట కిరీటం. పళ్ళ డాక్టరే, సందేహం లేదు. పదిహేడో ఫోటో. అదే గేటు, అదే ఎండ. పసుపు గౌను, నీళ్ళగొట్టం.

ఆమె చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. ఒకే పిల్ల ఒకే పూట పదేళ్ళదీ, ఆరేళ్ళదీ ఎలా అవుతుంది? ఫోటో పెద్దది చేసింది. కింద తడినేల మీద, ఫోటో తీస్తున్న మనిషి నీడ పడింది. పొట్టి నీడ. తలమీద ముళ్ళముళ్ళుగా కిరీటం. తీసింది పళ్ళ డాక్టరు. నవ్వుతున్నది ఇంకెవరో.

గౌను చూసి "అవును" నొక్కిన సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. పెద్దపిల్లకు పొట్టయిన గౌను ఇంట్లో పనిచేసేవాళ్ళ పిల్లకు కాక ఎక్కడికి వెళ్తుంది? ఆ మాత్రం తట్టలేదు. వెంటనే దాచేసిన కుప్ప తెరిచింది. పద్దెనిమిదో ఫోటోలో వంటామె తువ్వాలుతో ఆ పిల్ల తల తుడుస్తోంది. ఆ తుడవడం చూస్తే ఇక ఎవర్నీ అడగనక్కర్లేదు.

అయినా అడిగింది. వంటామె ఖాళీ కప్పు కోసం వస్తే, తెర ఇటు తిప్పి, "పెద్దమ్మా, ఈ పాప ఎవరు?" అంది.

వంటామె తెర వైపు సరిగ్గా చూడనేలేదు. "ఎవరేంటి? మా పాప. పళ్ళ డాక్టరు" అంది. కప్పు తీసుకుని, బల్లమీద లేని మరక తుడిచి వెళ్ళిపోయింది.

ఆరు గంటలకు, రోజూ లాగే, ఆ రోజు పనంతటి నకలూ డాక్టరు కంప్యూటరుకు వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున ఫోటోలమ్మాయి వచ్చేసరికి హాల్లో వంటామె గోడమీది ఫోటో తుడుస్తోంది. ముందు చట్రం నాలుగు అంచులు, తర్వాత అద్దం, చివర వేలికి గుడ్డ చుట్టి మూలలు. ఇంట్లో ఇంకా ఏ వస్తువూ తుడిచినట్టు లేదు. ఆమెను చూసి వంటామె గుడ్డ మడిచింది, ఇద్దరూ మేడ మెట్లెక్కారు. గదిలోకి వచ్చాక వంటామె తలుపు దగ్గరగా వేసింది.

"మార్చేశావా అమ్మా?"

"తారీఖు దిద్దాను. పేరు ఇంకా మార్చలేదు. మీ అమ్మాయేనా పెద్దమ్మా?"

"పిచ్చుక అనేదాన్ని. ఒక్క చోట నిలిచేది కాదు." వంటామె కూర్చోలేదు, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "ఆ ఏడే జ్వరం తగిలింది. తొమ్మిది రోజులు. అంతే. నా దగ్గర దాని ఫోటో ఒక్కటీ లేదు. ఎవరు తీస్తారు? అమ్మగారు పోయిన రెండేళ్ళకి బాబుగారు కంప్యూటర్లో ఉన్నవన్నీ తిరగేసి, ఇది అచ్చు వేయించి తెచ్చారు. కిందున్న అంకెలు చూసి, మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు, ఎంత ముద్దుగా ఉందో చూడవే అన్నారు. అమ్మగారుంటే ఒక్క చూపులో కనిపెట్టేవారు."

"మీరు చెప్పలేదా?"

"చెబితే తీసేస్తారుగా."

ఫోటోలమ్మాయి లెక్క వేరు. పేరు సరిచేసి, ఆ పిల్లకు న్యాయం చేసి, ఈవిడ కళ్ళలో వెలుగు చూద్దామని దారిపొడవునా లోలోపల మురిసిపోతూ వచ్చింది.

"వచ్చినవాళ్ళంతా దాన్ని చూసి ముద్దొస్తోందంటారు" అంది వంటామె. "పేరు ఎవరిదైతే నాకేం? పదహారేళ్ళుగా ఆ గోడమీద ఉంది. ఎలా ఉన్నదాన్ని అలా ఉండనియ్యమ్మా. నీకు పుణ్యముంటుంది."

వంటామె కిందికి వెళ్ళాక ఆమె పదిహేడో ఫోటో మళ్ళీ తెరిచింది. పదిహేనేళ్ళ పనిలో, తప్పని తెలిసి ఒక్క తారీఖు కూడా ఉంచలేదు. చివరికి నూట ఇరవై ఆరింటిలో ఆ ఒక్కదాన్నీ మళ్ళీ 2001కి తోసేసింది. నిన్న సాయంత్రం ఆరు గంటలకు వెళ్ళిన నకలు సంగతి మాత్రం ఆ క్షణంలో ఆమెకు గుర్తు రాలేదు.

గురువారం పళ్ళ డాక్టరు ఆస్పత్రికి వెళ్ళకుండా నేరుగా మేడమీదికే వచ్చింది. చేతిలో ఆల్బమ్ పేజీల నమూనా. మంగళవారం వచ్చిన నకలుతోనే పేజీలు పేర్పించింది. తారీఖుల వరసలో పడ్డాయి కాబట్టి ఒకే పేజీలో, పక్కపక్కనే, రాణి వేషం, నీళ్ళగొట్టం.

"ఇదేంటండీ ఇది ఇక్కడ పడింది?"

"అది పొరపాటు. నిన్న దిద్దేశాను" అంది ఫోటోలమ్మాయి.

డాక్టరు వినిపించుకోలేదు. పేజీని కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూసింది. చూసి చూసి, అలవాటైన పనిలోకి దిగిపోయినట్టు బొటనవేలితో తన పై పెదవి పైకెత్తి, పళ్ళను వేలితో తడుముకుంది. ఇన్నేళ్ళూ గోడమీద ఎత్తుగా ఉన్న ఫోటోను కూతురిగా చూసింది. చేతిలోకొచ్చేసరికి డాక్టరుగా చూసింది.

"నాకు పాలపళ్ళలో కింద రెండు పళ్ళు అతుక్కుని పుట్టాయి. అమ్మ ఎన్నిసార్లు చెప్పేదో. ఈ పిల్లకి విడివిడిగా ఉన్నాయి. ఇది నా నోరు కాదు."

అప్పుడే వంటామె టీ పట్టుకొచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కా, నువ్వు చెప్పు. ఎవరీ పిల్ల?"

"పక్కింటి పిల్ల అయ్యుంటుంది పాపా" అంది వంటామె. కప్పు సాసరులో టకటకలాడింది.

"పక్కింట్లో పిల్లలు ఎప్పుడున్నారు? చోద్యం కాకపోతే, దారినపోయే పిల్లని ఇన్నేళ్ళు గోడకెక్కించుకున్నామా? తీసి అవతల పారేద్దాం."

"దారినపోయే పిల్ల కాదండి" అంది ఫోటోలమ్మాయి. "ఈవిడ కూతురు. ఫోటో తీసింది మీరే. నీడ చూడండి."

అనకూడదనుకుంటూనే అనేసింది. ఆ మాటకు నోరు కట్టేసుకుని ఉండటం ఎవరివల్లా కాదని తనకు తానే సర్దిచెప్పుకుంది. వంటామె వైపు మాత్రం చూడలేకపోయింది.

డాక్టరు చెడ్డది కాదు. ముఖం ఎర్రబడింది. వంటామె చెయ్యి పట్టుకుంది. "అయ్యో, ముందే చెప్పొచ్చుగా అక్కా. నాకు అసలు గుర్తే లేదు చూడు" అంది. ఆ చెయ్యి పట్టుకునే కిందికి తీసుకెళ్ళింది. ప్లీడరుగారు హాల్లో పేపరు చదువుతున్నారు. విషయం విని పేపరు మడిచారు. గోడమీది ఫోటో వంక కాసేపు, వంటామె వంక కాసేపు చూశారు.

"నేను దీన్ని మా అమ్మాయని పదిమందికీ చూపిస్తుంటే నువ్వు పక్కనే ఉండేదానివి. అవునా?"

"అవును బాబుగారూ."

"అది నిజం కాదని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"అదే అడిగాను" అన్నారాయన. నలభై ఏళ్ళు కోర్టులో అడిగిన మనిషికి ఇంకోలా అడగడం రాదు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. "ఆదివారం వచ్చేవాళ్ళకి ఇప్పుడేం చెప్పను?" అని మాత్రం అన్నారు, ఎవర్నీ అడిగినట్టు కాకుండా.

నేరం ఏమిటో ఎవరూ చెప్పలేదు గానీ, వంటామె నేరస్థురాలిలా చేతులు కట్టుకుని నిలబడింది.

చట్రాన్ని డాక్టరే దించింది. "నీ ఫోటో నువ్వు తీసుకో అక్కా" అని వెనక మేకులు పీకి, అట్ట ఊడదీసింది. చట్రం మంచి కర్రది, అందులో పెట్టడానికి తన ఫోటో ఇంకోటి వెతకమంది. ఫోటో మాత్రం బయటికి రాలేదు. రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచిన అద్దం. అంచుల్లోంచి చెమ్మ లోపలికి దిగి, ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. డాక్టరు చెయ్యి తిరిగిన మనిషి. పల్చటి కత్తి తెచ్చి, ఊపిరి బిగబట్టి, ఒక మూల నుంచి నెమ్మదిగా లేపుకుంటూ వచ్చింది. గౌను వచ్చింది, చేతులు వచ్చాయి, గొట్టం వచ్చింది. ముఖం రాలేదు. నవ్వు మొత్తం పొరలా చిరిగి అద్దం మీదే ఉండిపోయింది.

"అయ్యో" అంది డాక్టరు, నిజంగానే బాధపడి.

"పర్లేదు పాపా" అంది వంటామె. తెల్లమచ్చ పడ్డ ఆ కాగితం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. తర్వాత అద్దం శుభ్రం చెయ్యమని డాక్టరు చెబితే, వేణ్ణీళ్ళు పెట్టి ఆ అద్దం కడిగింది కూడా ఆమే.

శుక్రవారం ఫోటోలమ్మాయి స్టూడియోలో కొత్తగా అచ్చు వేయించిన ఫోటో పట్టుకొచ్చింది. నారింజ అంకెలు చెరిపేసి, వెనకాల "పిచ్చుక" అని, సరైన సంవత్సరం రాసింది. వంటింటి గుమ్మంలో నిలబడి ఇచ్చింది. వంటామె చేతులు తుడుచుకుని అందుకుంది. చాలాసేపు చూసింది.

"బాగుంది" అంది. "పెట్టెలో పెట్టుకుంటా."

"గదిలో గోడకి పెట్టుకోండి పెద్దమ్మా. చట్రం నేను తెస్తాను."

"గదికి నేను పడుకోవడానికేగా వెళ్ళేది. అక్కడ పెడితే పాపం రోజంతా ఒక్కతే ఉంటుంది. ఇక్కడైతే మనుషుల మధ్య ఉండేది."

ఫోటోలమ్మాయి తలవంచుకుంది. "నా వల్లే ఇదంతా."

"నిన్నేం అనుకోవడం లేదమ్మా. నీ పని నువ్వు చేశావు" అంది వంటామె, ఉల్లిపాయలు ముందుకు లాక్కుంటూ. "తప్పు లేకుండా చేశావు."

ఆ మాట పట్టుకుని మేడ మెట్లెక్కడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. పదిహేనేళ్ళుగా తను కోరుకున్న మెచ్చుకోలు అదే. ఇప్పుడు అదే మాట తల ఎత్తుకోనివ్వడం లేదు. పైన డాక్టరు పెట్టిన చీటీ ఉంది: "ఆ పాప ఉన్నవి ఆల్బమ్‌లోకి రానివ్వకండి, నాన్నకి ఇబ్బందిగా ఉంది. చట్రంలోకి నా చిన్నప్పటిది ఏదైనా."

ఆమె మళ్ళీ నంబర్ల వరస తెరిచింది. పదిహేడు, పద్దెనిమిది. ఇరవై ఒకటి దగ్గర ఆగింది. అదే వాకిలి. మెట్టుమీద అమ్మగారు నడుం మీద చెయ్యేసుకుని నవ్వుతున్నారు. ప్లీడరుగారు లుంగీ తడిసిపోయి, బకెట్టు అడ్డం పెట్టుకుని తప్పించుకుంటున్నారు. వెనకాల వంటామె తువ్వాలు పట్టుకుని నిలబడింది. మధ్యలో పసుపు గౌను, గొట్టం. ఈసారి కెమెరాకు వీపు పెట్టి ఉంది. ముగ్గురూ ఆ పిల్లనే చూస్తున్నారు. ముఖం లేదు కాబట్టి కంప్యూటరు దాని గురించి ఎవర్నీ ఏమీ అడగలేదు. కింద మూల నారింజ అంకెలు ఎప్పటి నుంచో అబద్ధం చెబుతూనే ఉన్నాయి.

దాని చీటీలో సంవత్సరం 2005 అని తనే మంగళవారం దిద్దింది. ఇప్పుడు దాన్ని 2001 చేసింది. పేరు ఉన్న చోట ప్లీడరుగారి కూతురి పేరు రాసింది. వంటామె మీద ఉన్న దాపరికం అలాగే ఉంచింది, లేకపోతే మళ్ళీ ఎవరైనా తరచి చూస్తారు. పక్కనున్న ఫోటోలన్నీ విడిగా తీసి వేరే డిస్కులో పెట్టింది.

శనివారం డాక్టరు వచ్చి చూసింది. అమ్మ నవ్వు చూసి కళ్ళు తుడుచుకుంది. తర్వాత అనుమానంగా అడిగింది. "ఇది నేనేగా? మళ్ళీ ఏ గొడవా లేదుగా?"

"మీరే. తారీఖు నేను దగ్గరుండి చూసుకున్నాను" అంది ఫోటోలమ్మాయి.

ఆమె చూసుకున్నానంటే ఇక తిరుగు లేదని డాక్టరుకు తెలుసు. సాయంత్రానికల్లా ఫోటో అచ్చయి వచ్చింది, కడిగిన అద్దం వెనక కూర్చుంది, పాత మేకుకే ఎక్కింది. ప్లీడరుగారు వచ్చి చూసి, "ఆ, ఇది మనమ్మాయి. నడక చూస్తేనే తెలుస్తుంది" అన్నారు, నిలబడి ఉన్న పిల్లను చూపించి. ఆయన ముఖంలో రెండు రోజుల తర్వాత కళ వచ్చింది.

ఫోటోలమ్మాయి డిస్కులు మూటగట్టుకుని కిందికి దిగేసరికి హాల్లో ఎవరూ లేరు, వంటామె తప్ప. రేపు వచ్చేవాళ్ళ కోసం ఇల్లంతా దులుపుతోంది. చేతిలో పొడిగుడ్డ. గోడ దగ్గరికి వచ్చి, అలవాటుగా చట్రం అంచులు తుడిచింది. అద్దం మీద గుడ్డ పెట్టబోయి ఆగింది. పసుపు గౌను వంక చూసింది, గొట్టం వంక చూసింది, వెనకాల తువ్వాలుతో నిలబడ్డ తనను చూసుకుంది. తర్వాత మెట్లమీద ఆగిపోయిన ఫోటోలమ్మాయి వైపు తిరిగింది. ఏమీ అడగలేదు.

మళ్ళీ ఫోటో వైపు తిరిగి, ఆ పిల్ల తల ఉన్న చోట అద్దాన్ని మెల్లగా తుడిచింది.

"ఇక ఇటు తిరగదు" అంది.